వ్రేలిముద్రయు విశ్వాసమును

నీవెవ్వడవు, ఎక్కడనుండి వచ్చితివి, ఎందులకు పోవుచున్నావు అను మూడు ప్రశ్నలును రాజ్యములంత పురాతనములు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను అధికారి యొకడు కలడు. ఒక మాషకము పుచ్చుకొని ప్రయాణికునకు ముద్రవేసిన చీటి నిచ్చుట యాతని పని. ముద్ర లేనివాడు జనపదమును ప్రవేశింపరాదు, విడిచిపోరాదు. ముద్ర లేక తిరిగిన దేశీయునకు పండ్రెండు పణముల దండనము విధింపబడినది. మన పెద్దలు రహదారి చీటి యనినదియు, నేడు మనము పాస్‌పోర్టు అనుచున్నదియు ఈ జాతివే. కాని చీటికొక లోపము కలదు. అది మనుష్యుని గూర్చి చెప్పును గాని, దానిని చేతబట్టిన వాడే యా మనుష్యుడని రూఢిగా చెప్పజాలదు. ఆ లోపమును తీర్చుటకై ప్రభుత్వములు చీటిని విడిచి మనుష్యుని దేహమునే చదువ నేర్చుకొన్నవి.

2024వ సంవత్సరము జూన్ 22వ తేదీన ఢిల్లీ విమానాశ్రయమున భారత ప్రభుత్వము విశ్వసనీయ ప్రయాణికుల పథకము నొకదానిని ప్రారంభించెను. 2025 జనవరి 16న హైదరాబాదు, చెన్నపట్టణము, బెంగుళూరు, బొంబాయి మొదలగు మఱి యేడు విమానాశ్రయములకు దానిని విస్తరించెను. భారత పౌరులును, విదేశ పౌరసత్వము పొందియు ఓసీఐ కార్డు గల భారతసంతతివారును ముందుగా దరఖాస్తు పెట్టుకొని, తమ వ్రేలిముద్రలను, ముఖచిత్రమును ఇచ్చి, విచారణలో నిర్దోషులుగా తేలినచో, వారికి ప్రత్యేక ద్వారము లభించును. అచ్చట అధికారి యెదుట బారులు తీరి నిలువ నక్కఱలేదు. యంత్రము వారిని గుర్తించి తలుపు తెఱచును. ఇందులకు రుసుము లేదు. ఇది సౌకర్యమే కదా, దీనికి చరిత్ర యేల యని కొందఱు పాఠకులు తలంపవచ్చును. వ్రేలిముద్ర కథ తెలిసినవారికి ఆ సందేహ ముండదని మా యభిప్రాయము.

ఆ కథ మన దేశముననే ప్రారంభమైనది. 1858లో వంగదేశమునందలి జంగీపురమున విలియం హెర్షెలను దొర, కంట్రాక్టు వ్రాసి యిచ్చిన రాజ్యధర్ కొనాయి అనువాని అఱచేతికి సిరా పూసి కాగితముపై అద్దించెను. తరువాత ఆ సంతకము నాది కాదని వాడు బొంకకుండుటకే యీ యుపాయము. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయ మేర్పడినది. వేలకొలది ముద్రలను తరగతులుగా విభజించు పద్ధతికి అజీజుల్ హక్కు, హేమచంద్ర బోసు అను వంగీయులు పాటుపడిరి. పేరు మాత్రము వారి పై యధికారి యగు ఎడ్వర్డ్ హెన్రీకి దక్కినది. 1900లో ఆ హెన్రీయే దక్షిణాఫ్రికాకు పంపబడెను. విద్య యాతనితో సముద్రము దాటెను.

అప్పటికే దక్షిణాఫ్రికాలో మనవారు పెక్కుమంది యుండిరి. 1860 మొదలు చెన్నపట్టణపు రేవునుండి నాటాలునకు చెఱకుతోటల కూలికై పోయినవారిలో తెలుగువారును గలరు. పొరుగుసీమ యగు ట్రాన్సువాలులో 1907లో నొక చట్టము వచ్చినది. దానిప్రకారము ఆసియావారందఱును పేరు నమోదు చేయించుకొని, వ్రేలిముద్రలిచ్చి, అడిగినప్పుడెల్ల పత్రము చూపవలయును. గాంధీగారు దీనిని ప్రతిఘటించిరి. నేరము చేసినవానివద్ద తీసికొను పదివ్రేళ్ల ముద్రను ఏ పాపము నెఱుగని వర్తకునివద్ద, తోపుడుబండివానివద్ద, వారి జాతిని బట్టి బలవంతముగా తీసికొనుట యేమి న్యాయమని వారి ప్రశ్న.

1908 జనవరిలో స్మట్సు దొరతో రాజీ కుదిరినది. భారతీయులు తమంతట తామే నమోదు చేయించుకొన్నచో చట్టమును రద్దుచేయుదురని గాంధీగారు గ్రహించిరి. ఫిబ్రవరి 10వ తేదీన వారు నమోదు కార్యాలయమునకు పోవుచుండగా, ఈ రాజీ ద్రోహమని తలచిన స్వజనులే వారిని కఱ్ఱలతో మోదిరి. గాయములతో పడకపై నుండియు గాంధీగారు పది వ్రేళ్ల ముద్రలనిచ్చిరి. కాని చట్టము రద్దు కాలేదు. ఆగస్టు 16వ తేదీన జోహాన్నెస్‌బర్గులోని హమీదియా మసీదు ఆవరణమున రెండువేలకు పైగా పత్రములను కిరసనాయిలు పోసి దగ్ధము చేసిరి.

ఈ వృత్తాంతమునుండి మనము గ్రహింపవలసినవి రెండు. ఫిబ్రవరిలో ముద్ర నిచ్చినవాడును, ఆగస్టులో పత్రమును తగులబెట్టించినవాడును ఒక్కడే. కావున అవమానము సిరాలో లేదు, బలాత్కారములో నున్నది. ఇది మొదటిది. ప్రజ స్వేచ్ఛగా విశ్వాసము చూపినప్పుడు ప్రభుత్వమును మాట నిలుపుకొనవలెను; లేనిచో నా స్వేచ్ఛ వట్టిమాట యగును. ఇది రెండవది.

ఈ కాలపు పథకములను ఈ కొలతతోనే చూతము. అమెరికావారు 1993లో న్యూయార్కు, న్యూవార్కు విమానాశ్రయములలో హస్తప్రమాణమును కొలుచు యంత్రములను పెట్టిరి. 2001లో ఆమ్‌స్టర్‌డాములో కంటిపాపను చదువు యంత్రము వచ్చినది. ఏటేట రుసుము చెల్లించువారికే దాని ద్వారము తెఱచుకొనెడిది. 2008లో అమెరికావారి గ్లోబల్ ఎంట్రీ మొదలైనది. 2017నుండి భారత పౌరులకును అందు ప్రవేశము కలిగినది. అయిదేండ్లకు నూఱు డాలర్లుగా నున్న దాని రుసుము 2024 అక్టోబరులో నూటయిరువది యైనది.

2020 ఫిబ్రవరిలో నమెరికా ప్రభుత్వము న్యూయార్కు రాష్ట్రవాసుల కెవ్వరికిని ఈ పథకమున క్రొత్తగా చేరుటకుగాని, సభ్యత్వమును పొడిగించుకొనుటకుగాని వీలులేదనెను. ఆ వాసులు చేసిన తప్పేమియు లేదు. వారి రాష్ట్రము వాహనచోదకుల వివరములను సరిహద్దు అధికారులకు చూపనొల్లని చట్టము చేసియుండెను. వ్యాజ్యము నడచినది. జూలైలో, న్యాయస్థానమునకు తాము చెప్పినవి సరియైనవి కావని ప్రభుత్వ న్యాయవాదులే యొప్పుకొనిరి; నిషేధము తొలగినది. విశ్వసనీయుడను బిరుదు మన నడవడిని బట్టియే వచ్చునదియైనను, మన నడవడితో సంబంధము లేకయే పోవచ్చునని దీనివలన తేటపడుచున్నది.

ఇట్లనుటచే నీ పథకములు నిష్ప్రయోజనములని మేము చెప్పుట లేదు. ప్రయాణికులలో నధికసంఖ్యాకులు నిరపాయులు. ఎఱిగినవారిని త్వరగా పంపి, ఎఱుగనివారిని నింపాదిగా విచారించుట బుద్ధిమంతుల పనియే. మన ప్రభుత్వము రుసుము లేక దీనిని నడుపుట ప్రశంసనీయము. ధనమే విశ్వాసమునకు గుర్తు కారాదు. అయినను రెండవ బారులో నిలుచువా రెవ్వరో మఱవరాదు. కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫుదేశములకు కూలికి పోవువారిలో పదవ తరగతి దాటనివారు పెక్కురు. 1983నాటి వలస చట్టముక్రింద అట్టివారు ఆ దేశములకు కూలికి పోవుటకు వేఱుగా ననుమతి పొందవలసివచ్చినది. ఆ నియమము వారి రక్షణకై యేర్పడినదే. కాని చదువుకొన్నవాని కొక విచారణ, చదువురానివానికి రెండును ఐనది. ఇప్పుడు త్వరద్వారము కూడ అంతర్జాలమున దరఖాస్తు నింపనేర్చినవానికే దక్కినచో, ఆ దూర మింకను పెరుగును.

మఱియొక సంగతి. 1908లో మనవారు పత్రములను కాల్చగలిగిరి. నేడు వ్రేలిముద్ర ప్రభుత్వపు యంత్రములలో దాగియున్నది. దానిని కాల్చుట మన చేతిలో లేదు. తాళపుచెవి పోయిన మఱియొకటి చేయించుకొనవచ్చును గాని, దొంగ చేతిలో పడిన వ్రేలిముద్రను మార్చుకొనజాలము. అది కాటివఱకును మన వెంట వచ్చును.

కావున విద్యావంతులగు మన కుటుంబములవారు ఈ సౌకర్యమును స్వీకరింపవలదని మేము చెప్పము. స్వీకరించునప్పుడు మాత్రము కొన్ని ప్రశ్న లడుగవలెను. మా ముద్రల నెంతకాలము దాచుదురు? ఎవ్వరికి చూపుదురు? తిరస్కరించినచో కారణము చెప్పుదురా? ముద్ర నియ్యనొల్లనివాని బారు పూర్వమువలెనే సాగునా, లేక అక్కడి అధికారులను తగ్గించి, వాడు విసిగి ముద్ర నిచ్చువఱకు నిలువబెట్టుదురా? ఈ కడపటి ప్రశ్నకు సరియైన సమాధానము లేనిచో, స్వేచ్ఛగా నిచ్చితిమని మనము తలచునది నెమ్మదిగా వచ్చిన బలాత్కారమే యగును. ప్రభుత్వము మనలను విశ్వసనీయులనుట సంతోషమే. దానిని మనము విశ్వసించుటకు వలయు ఆధారములను కూడ అది చూపవలెనని కోరుట పౌరుల ధర్మము.