ఇంటి లేతు మీద టర్నింగు, మర తీయడం: కొత్తగా నేర్చుకునేవారికి

కోయంబత్తూరు, తిరుప్పూరు, ఉడుమలపేట వైపు మన తెలుగు ఇళ్లలో పెరటి షెడ్డు, అందులో ఒక పాత లేతు ఉండడం వింత కాదు. పంపుసెట్లు, నూలుమిల్లుల విడిభాగాలు చేసి పేరు తెచ్చుకున్న ప్రాంతమిది. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడుగారు (1893–1974) తెలుగు మాట్లాడే ఇంటివారే. ఒక మోటారు సైకిలు కొని, విప్పి, మళ్లీ బిగించి యంత్రవిద్యకు శ్రీకారం చుట్టుకున్నారు. ఆయన తరంలోను, ఆ తరువాతి తరాల్లోను మనవాళ్లు ఎందరో లేత్ పట్టరైలలో చేయి తిప్పినవారే.

ఇప్పుడు రెండు సంగతులు జరుగుతున్నాయి. పెద్దాయన పోగానే లేతును కాటాకు వేసి పాత ఇనుము ధరకు అమ్మేస్తున్నారు. లేదా మనవడు ఎవరినీ అడక్కుండా ఒక్కడే స్విచ్చి వేస్తున్నాడు. మొదటిది నష్టం, రెండవది ప్రమాదం. నేను టర్నర్‌ను కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. రిటైరైన తరువాత మా ఇంటి పాత లేతు మీద ఒక ముసలి టర్నర్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. లేతు పనిలో సగం చేతిది, సగం లెక్కది. చెయ్యి సాధనతో వస్తుంది, లెక్క రాసిపెట్టుకోవచ్చు. అందుకే ఈ వ్యాసం.

ముందు జాగ్రత్త

చక్ బిగించిన తాళం చెవి చక్‌లో ఉండగా చెయ్యి తీయకూడదు. చెవి పట్టుకున్న చెయ్యి దాన్ని బయటికి తీసి పక్కన పెట్టాకనే వదలాలి. చెవి చక్‌లో మరిచి స్విచ్చి వేస్తే అది తూటాలా వస్తుంది.

లేతు మీద చేతి తొడుగులు వేసుకోకూడదు. తిరిగే జాబు గ్లోవును పట్టిందంటే చెయ్యి కూడా దాని వెంట పోతుంది. పొడుగు చేతుల చొక్కా, పంచె, కండువా, పైట కొంగు, ఉంగరం, మెడ గొలుసు, వదులుగా ఉన్న జడ, వీటికీ అదే నియమం. కంటికి అద్దాలు తప్పనిసరి. కోతలో వచ్చే ఇనుప చుట్టలను చేత్తో లాగకండి, కొక్కెంతో లాగండి, అదీ యంత్రం ఆగాకనే. ఎమెరీ గుడ్డను తిరిగే జాబుకు చుట్టి పట్టుకోకండి. మోటారుకు ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకనే మొదలుపెట్టండి.

టర్నింగు: మూడు అలవాట్లు

మొదటిది టూల్ ఎత్తు. టూల్ మొన జాబు నడుమ ఎత్తుకు సరిగ్గా ఉండాలి. గుండ్రని జాబుకు, టూల్ మొనకు మధ్య ఆరంగుళాల స్టీలు స్కేలు నిలువుగా పెట్టి మెల్లగా నొక్కండి. స్కేలు నిటారుగా నిలిస్తే ఎత్తు సరి. స్కేలు పైకొస మీ వైపు వాలితే టూల్ కిందికి ఉన్నట్టు, అవతలికి వాలితే పైకి ఉన్నట్టు. చివర ఫేసింగు చేసినప్పుడు నడుమ చిన్న బొడిపె మిగిలినా ఎత్తు తప్పిందనే అర్థం.

రెండవది వేగం. హై స్పీడ్ స్టీలు టూల్‌తో మామూలు మైల్డ్ స్టీలును నిమిషానికి 25 మీటర్ల వేగంతో కోయవచ్చు. నిమిషానికి ఎన్ని చుట్లు కావాలంటే, 1000ని 25తో గుణించి, వచ్చినదాన్ని 3.14తోను, మిల్లీమీటర్లలో జాబు వ్యాసంతోను భాగించాలి. 20 మి.మీ. కడ్డీకి సుమారు 400 వస్తుంది. 40 మి.మీ. అయితే అందులో సగం, 200. జాబు లావయ్యే కొద్దీ వేగం తగ్గాలి. ఇత్తడి, అల్యూమినియం ఇంతకంటే వేగంగా కోయవచ్చు. చక్ నుంచి జాబు తన వ్యాసానికి మూడు రెట్ల కంటే పొడుగ్గా బయటికి వస్తే, అవతలి కొసను టెయిల్‌స్టాక్ సెంటరుతో ఆపండి. లేకపోతే జాబు వంగి కొలత తప్పుతుంది.

మూడవది డయలు. క్రాస్ స్లైడ్‌ను 0.1 మి.మీ. లోపలికి నడిపితే వ్యాసంలో 0.2 మి.మీ. పోతుంది. కొన్ని లేతుల డయలు వ్యాసాన్నే చూపుతుంది, కొన్నిటిది అలా కాదు. మీది ఏదో ఒక కోత కోసి, వెర్నియర్‌తో కొలిచి తేల్చుకోండి. హ్యాండిలు వెనక్కి తిప్పగానే స్లైడ్ కదలదు, స్క్రూలో కొంత ఖాళీ ఉంటుంది. గుర్తు దాటిపోతే అర చుట్టు వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకే వచ్చి గుర్తు దగ్గర ఆపండి.

ఈ మూడూ చేతికి వచ్చేదాకా మర జోలికి పోవద్దు. ఒక కడ్డీ మీద మూడు మెట్లు అనుకున్న కొలతకు 0.05 మి.మీ. లోపు తేడాతో తీయగలిగితే అప్పుడు మరకు సిద్ధం.

మర: అసలు లెక్క

మనం మర అంటాం, తమిళంలో మరై. కొలతలు ముఖ్యంగా రెండు జాతులు. మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు, పిచ్‌ను మిల్లీమీటర్లలో చెబుతారు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మర కోణం 55 డిగ్రీలు, అంగుళానికి ఎన్ని మరలో చెబుతారు. మన నీటి గొట్టాలు, ట్యాపులు ఇప్పటికీ ఈ రెండవ జాతివే. అర అంగుళం గొట్టం బయటి కొలత అర అంగుళం కాదు, 20.955 మి.మీ., అంగుళానికి 14 మరలు. ముప్పావు అంగుళం గొట్టం 26.441 మి.మీ., దానికీ 14 మరలే. ఒక అంగుళం గొట్టం 33.249 మి.మీ., 11 మరలు.

లేతు మీద మర ఎలా వస్తుంది? స్పిండిల్ ఒక చుట్టు తిరిగేసరికి టూల్ సరిగ్గా ఒక పిచ్ జరగాలి. స్పిండిల్‌కు, లీడ్ స్క్రూకు మధ్య గేర్లు మార్చి ఈ జోడింపు చేస్తాం. సూత్రం ఇది: కోయవలసిన పిచ్‌ను లీడ్ స్క్రూ పిచ్‌తో భాగిస్తే వచ్చేదే, స్పిండిల్ వైపు గేరు పళ్లను లీడ్ స్క్రూ వైపు గేరు పళ్లతో భాగిస్తే రావాలి. మధ్యలో వట్టిగా తిరిగే గేరు ఎన్ని పళ్లదైనా లెక్క మారదు.

మన పాత లేతుల్లో చాలావాటి లీడ్ స్క్రూకు అంగుళానికి 4 మరలు. దాని మీద 14 మరల గొట్టం మర కావాలంటే 4/14, అంటే స్పిండిల్ వైపు 20 పళ్లు, లీడ్ స్క్రూ వైపు 70 పళ్లు. అదే లేతు మీద 10 మి.మీ. బోల్టుకు 1.5 పిచ్ కావాలంటే 30, 127. ఈ 127 ఎక్కడిది? అంగుళం 25.4 మి.మీ., దాన్ని ఐదుతో గుణిస్తే 127. అంగుళాల లీడ్ స్క్రూ మీద మిల్లీమీటర్ల మర తప్పు లేకుండా రావాలంటే ఆ 127 పళ్ల గేరు కావాలి.

కోత వరుస

10 మి.మీ. బోల్టుకు కడ్డీని 9.9 మి.మీ.కు తీయండి. మర ఆగేచోట చిన్న గాడి పెట్టండి, టూల్ ఆగడానికి చోటు దొరుకుతుంది. 60 డిగ్రీలకు సానబట్టిన టూల్‌ను సెంటర్ గేజితో జాబుకు నిటారుగా నిలపండి. వేగం అన్నిటికంటే తక్కువ పెట్టండి.

మొదటి కోత గీత మాత్రమే, 0.05 మి.మీ. ఆపి పిచ్ గేజి పెట్టి చూడండి. గేర్లు తప్పుగా పెట్టి ఉంటే ఇక్కడే తెలుస్తుంది, జాబు పాడు కాదు. తరువాత 0.2, ఆపై 0.1, చివర 0.05 చొప్పున లోపలికి పొండి. మైల్డ్ స్టీలుకు నూనె వేయండి. 1.5 పిచ్‌కు మర లోతు 0.92 మి.మీ. లోతు దగ్గరపడ్డాక టూల్‌ను ముందుకు నడపకుండా ఒకటి రెండుసార్లు ఊరికే పోనిచ్చి, నట్టు ఎక్కించి చూడండి. ఆ నట్టునూ మీరే చేస్తే 8.5 మి.మీ. రంధ్రం వేసి ట్యాపు చేయాలి.

ఇక హాఫ్ నట్టు. కోయవలసిన మరల సంఖ్య లీడ్ స్క్రూ మరల సంఖ్యకు సరి గుణిజమైతే, అంటే 4 మరల స్క్రూ మీద 8, 12, 16 అయితే, హాఫ్ నట్టు తీసి ఎక్కడ వేసినా టూల్ పాత గాడిలోనే పడుతుంది. 14 అయితే డయలు చూసి వేయాలి. అంగుళాల స్క్రూ మీద మిల్లీమీటర్ల మర అయితే పని ముగిసేదాకా హాఫ్ నట్టు తీయనే కూడదు. టూల్ వెనక్కి లాగి, యంత్రం ఆపి, మోటారు రివర్సు తిప్పి మొదటికి రావాలి. నేను ఇది తెలియక మొదటి బోల్టు మీద హాఫ్ నట్టు తీశాను. రెండవ కోత మొదటిదాని మీద అడ్డంగా పడి, పొద్దున్నుంచి చేసిన పని పోయింది. ముసలి టర్నర్ తిట్టలేదు, ఆ బోల్టును మేకుకు వేలాడదీయమన్నాడు. ఇంకా వేలాడుతూనే ఉంది.

చక్ స్పిండిల్‌కు మరతో ఎక్కే పాత లేతులో రివర్సు ఒక్కసారిగా తిప్పితే చక్ ఊడి రావచ్చు. యంత్రం పూర్తిగా ఆగాక, తక్కువ వేగంలోనే తిప్పండి.

పాత లేతు ఉన్నవారికి

కొనేవారు స్పిండిల్ ఊగుతోందా, చక్ దగ్గర బెడ్ అరిగిందా అని చూస్తారు. గేర్లు మాత్రం లెక్కపెట్టరు. వాటి పెట్టె లేని లేతు మీద టర్నింగు చేయవచ్చు గాని, కావలసిన మర తీయలేరు. ఇంట్లో లేతు ఉంటే ఆ పెట్టె తీసి ఒక్కో గేరు పళ్లు లెక్కపెట్టి, పట్టిక తెలుగులో రాసి గోడకు అంటించండి. పిల్లలకు ఇష్టమైతే ఐ.టి.ఐ.లో టర్నర్ కోర్సు ఉంది, రెండేళ్లు. అందాకా ఇంట్లో పెద్ద టర్నర్ ఉన్నంతసేపు పక్కన నిలబడి చూడనివ్వండి. కాటాకు వేసే ముందు ఆ 127 పళ్ల గేరు ఉందో లేదో ఒకసారి వెతకండి. ఉంటే ఆ లేతును అమ్మకండి.