మంచు మోసుకొచ్చిన మన్ను

అయోవా వైశాల్యంలో ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త చిన్న రాష్ట్రం. జనాభా 32 లక్షలు. హైదరాబాద్ జనంలో సగం కూడా ఉండరు. అయినా అమెరికా నడిబొడ్డున ఉన్న ఈ ఒక్క రాష్ట్రం పండించే మొక్కజొన్న మన దేశం మొత్తం పండించే దానికంటే ఎక్కువ. 2023లో అక్కడి పంట 6 కోట్ల టన్నులు దాటింది. భారతదేశపు పంట 4 కోట్ల టన్నుల లోపే.

అయోవా చుట్టూ ఇల్లినాయ్, నెబ్రాస్కా, మిన్నెసోటా ఉన్నాయి. తూర్పున ఇండియానా, ఒహాయో, దక్షిణాన మిస్సోరీలో కొంత భాగం కూడా కలిపి ఈ నేలంతటినీ కార్న్ బెల్ట్ అంటారు. అమెరికాలో మొక్కజొన్న వేసే సుమారు 9 కోట్ల ఎకరాల్లో అత్యధిక భాగం ఇక్కడే ఉంది. విమానంలోంచి చూస్తే గళ్లగళ్లుగా, ఒక్కో గడి మైలు పొడవు, మైలు వెడల్పుతో దిగంతం దాకా ఒకే పచ్చదనం కనిపిస్తుంది. ఇదంతా ప్రకృతి ఇచ్చిన వరమని చెప్పడం అక్కడ అలవాటు. అందులో సగమే నిజం. మంచు, గాలి, గడ్డి కలిసి చేసింది నల్లమట్టిని. ఆ మట్టిని మొక్కజొన్న పొలంగా మార్చింది మనుషులు. ఆ మార్పులో ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, మాయమైపోయిన చిత్తడి నేలలూ ఉన్నాయి.

ముందు మంచు సంగతి. హిమయుగాల్లో ఉత్తరం నుంచి కదిలొచ్చిన మంచు పలకలు ఈ ప్రాంతాన్ని పలుమార్లు కప్పేశాయి. చివరిసారి వచ్చిన మంచు నాలుక సుమారు 14,000 ఏళ్ల కిందట ఇప్పటి డి మోయిన్ నగరం దాకా చేరి ఆగింది. అయోవా రాజధాని ఆ నగరమే. వచ్చే దారిలో ఆ మంచు కొండరాళ్లను నూరి పిండి చేసింది, గుట్టలను చదును చేసింది, కరిగేటప్పుడు ఆ పిండినంతా వదిలిపోయింది. నదుల ఒడ్డున పేరుకున్న సన్నటి ఒండ్రును గాలి లేపి వందల మైళ్ల మేర పరిచింది. ఈ గాలిమట్టిని లోయెస్ అంటారు. పడమటి అయోవాలో మిస్సోరీ నది పక్కన అది కొండల వరుసగానే నిలిచింది. అక్కడ దాని మందం కొన్నిచోట్ల 200 అడుగులు. ఇంత లోతైన గాలిమట్టి ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల ఉంది.

ఆ మన్ను మీద గడ్డి మొలిచింది. ప్రెయిరీ అనే ఆ గడ్డినేల అయోవాలో ఐదింట నాలుగు వంతులకు పైగా ఆక్రమించింది. మనిషిని మించిన ఎత్తు పెరిగే గడ్డి అది. దాని వేళ్లు అంతకంటే లోతుకు దిగేవి. వేల ఏళ్లపాటు ఏటా ఆ వేళ్లలో కొన్ని చచ్చి కుళ్లి మట్టిలో కలుస్తుంటే నేల నల్లబడింది. చెట్లు చొరబడకుండా కార్చిచ్చులూ, బైసన్ మందలూ కాపలా కాశాయి. తూర్పు అడవుల నుంచి వచ్చిన తొలి వలసదారుల్లో చాలామంది మాత్రం చెట్టు మొలవని చోట పంట ఏం పండుతుందని ఆ నేలను దాటిపోయి, వాగుల పక్కన చెట్ల నీడలోనే కాపురాలు పెట్టారు.

మొక్కజొన్న వాళ్లతో వచ్చింది కాదు. మెక్సికోలోని బాల్సాస్ నదీ లోయలో సుమారు 9,000 ఏళ్ల కిందట టియోసింటె అనే అడవి గడ్డి నుంచి అక్కడి ఆదివాసులు దీన్ని మచ్చిక చేశారు. టియోసింటె కండెలో గింజలు పదీ పన్నెండుకు మించవు, ఒక్కో గింజకూ రాయిలాంటి పెంకు. దాన్ని తరతరాలుగా ఏరి, విత్తి, మళ్లీ ఏరి ఈనాటి కండెగా తీర్చిన చేతులు ఎవరివో పేర్లు లేవు. వ్యవసాయ చరిత్రలో ఇంతకంటే పెద్ద ఆవిష్కరణ లేదనడం అతిశయోక్తి కాదు. ఆ పంట మెల్లగా ఉత్తరానికి పాకింది. ఇప్పటి సెయింట్ లూయిస్ నగరం ఎదుట, మిసిసిపీ ఆవలి ఒడ్డున కహోకియా అనే మహానగరం క్రీ.శ. 1100 నాటికి వేల జనంతో వెలిగింది. ఆ నగరానికి అన్నం పెట్టింది మొక్కజొన్నే. అక్కడ మట్టితో కట్టిన ప్రధాన దిబ్బ నేటికీ 100 అడుగుల ఎత్తున నిలిచి ఉంది.

తెల్ల వలసదారులు వచ్చేనాటికి రాక్ నది మిసిసిపీలో కలిసే చోట సాక్ జాతి వాళ్ల పెద్ద ఊరు సాకెనక్ ఉండేది. దాని చుట్టూ వందల ఎకరాల మొక్కజొన్న. సేద్యమంతా ఆడవాళ్లది. 1804లో సెయింట్ లూయిస్‌లో కొద్దిమంది సాక్ ప్రతినిధుల చేత అమెరికా ప్రభుత్వం ఒప్పందం మీద సంతకాలు చేయించుకుంది. జాతి తరఫున భూమి వదులుకునే అధికారం వాళ్లకు లేదని మిగతావాళ్లు మొత్తుకున్నా లాభం లేకపోయింది. 1820ల చివరికి తెల్ల వలసదారులు ఊళ్లోకే వచ్చి, ఆ ఆడవాళ్ల చేలకు కంచెలు వేసుకున్నారు; సాక్ వాళ్లు నది ఆవలికి వెళ్లిపోవాల్సి వచ్చింది. 1832 ఏప్రిల్‌లో బ్లాక్ హాక్ అనే నాయకుడు వెయ్యి మందికి పైగా జనంతో, పిల్లాపాపలతో సహా మిసిసిపీ దాటి తిరిగి వచ్చాడు. తమ నేలలో మళ్లీ మొక్కజొన్న వేసుకోవాలన్నది వాళ్ల ఆశ. సైన్యం వెంటబడింది. ఆగస్టు మొదట్లో బ్యాడ్ యాక్స్ నది దగ్గర మిసిసిపీ దాటి పారిపోబోతున్న ఆ గుంపులో చాలామందిని కాల్చి చంపారు. ఆడవాళ్లనూ పిల్లలనూ వదల్లేదు. ఆ ఓటమికి పరిహారంగా ప్రభుత్వం తీసుకున్న భూమే తొలి అయోవా. 1833 జూన్ 1 నుంచి వలసదారులకు దాన్ని తెరిచారు. 1851 వచ్చేసరికి రాష్ట్రమంతా ఆదివాసుల చేజారింది.

ఇక్కడ ఒక విషయం తప్పక చెప్పాలి. సాక్ వాళ్లకు దాయాదులైన మెస్క్వాకీ జాతిని 1840ల్లో కాన్సాస్‌కు తరిమారు. కొందరు వెళ్లలేదు, వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు. 1857లో వాళ్లు తమ సొత్తు కూడబెట్టి అయోవా నది పక్కన టామా కౌంటీలో 80 ఎకరాలు కొన్నారు. ఒకప్పుడు తమదే అయిన నేలను తామే డబ్బిచ్చి కొనుక్కున్నారు. ఇవాళ వాళ్ల భూమి 8,000 ఎకరాలకు పైమాటే.

గళ్ల నేలకు మూలం 1785 నాటి భూమి చట్టం. నదులు, గుట్టలు చూడకుండా దేశాన్ని ఆరు మైళ్ల చదరాలుగా, మళ్లీ ఒక్కోదాన్ని 640 ఎకరాల 36 ముక్కలుగా కోసి అమ్మారు. కొన్నవాడికి ఎదురైన మొదటి శత్రువు గడ్డివేళ్లు. పాత ఇనుప నాగళ్లకు జిగట నల్లమట్టి అంటుకుపోయి అడుగడుక్కీ గీకాల్సి వచ్చేది. 1837లో ఇల్లినాయ్‌లోని గ్రాండ్ డిటూర్ అనే ఊళ్లో జాన్ డీర్ అనే కమ్మరి నునుపైన ఉక్కు నాగలి చేశాడు. మట్టి దానంతట అదే జారిపోయింది. ఆ కమ్మరి పేరుతోనే నేడు తెలుగు ఊళ్లలోనూ ఆకుపచ్చ ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. వందేళ్లు తిరక్కుండానే ప్రెయిరీ దాదాపు మొత్తం దుక్కి కింద పోయింది. ఇప్పుడు అయోవాలో మిగిలింది వెయ్యింట ఒక వంతు కూడా లేదు.

నాగలి కథ అందరికీ తెలుసు. గొట్టాల కథ తెలిసినవాళ్లు తక్కువ. మంచు చదును చేసిన ఉత్తర అయోవాలో, మధ్య ఇల్లినాయ్‌లో నీళ్లు పారిపోయే దారే లేదు. వసంతంలో ఎటు చూసినా మడుగులు, దోమలు, చలిజ్వరాలు. 19వ శతాబ్దం రెండో సగం నుంచి రైతులు పొలాల అడుగున మూడు నాలుగు అడుగుల లోతున కాల్చిన మట్టి గొట్టాలు వరుసలుగా పాతారు. వాటిని అక్కడ టైల్స్ అంటారు. అధిక నీరు వాటి కీళ్లలోంచి దిగి, కాలువలకూ, అక్కడి నుంచి నదులకూ పోతుంది. ఊరూరా వీటి కోసం బట్టీలు లేచాయి. రైతులు సంఘాలుగా చేరి పన్నులు కట్టి కాలువలు తవ్వుకున్నారు. మడుగులన్నీ ఎండి దేశంలోకెల్లా ఖరీదైన సాగుభూములయ్యాయి. కార్న్ బెల్ట్‌ను నిలబెట్టినవి నాగలి కంటే ఈ గొట్టాలే అనుకోవాలి. ఈ మాట ఎందుకన్నామో చివర్లో తేలుతుంది.

ఇక విత్తనం. 1846లో రాబర్ట్ రీడ్ అనే రైతు ఒహాయో నుంచి ఇల్లినాయ్‌కి మకాం మార్చుతూ తన మొక్కజొన్న విత్తనం వెంట తెచ్చుకున్నాడు. నెత్తిన నొక్కు పడే దక్షిణాది రకం అది. మరుసటి ఏడు వేస్తే సరిగా మొలవలేదు. ఖాళీల్లో స్థానికులు పండించే గట్టి గింజ రకంతో పోగుంటలు పెట్టాడు. రెండు రకాలూ పక్కపక్కనే పూతకొచ్చి కలిసిపోయాయి. ఆ కలయికలోంచి వచ్చిన పంటను ఆయన, తర్వాత కొడుకు జేమ్స్ దశాబ్దాల పాటు ఏరి ఏరి నిలిపారు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో దానికి బహుమతి వచ్చింది. రీడ్స్ యెల్లో డెంట్ అనే ఆ రకం కార్న్ బెల్ట్ అంతా పాకింది. నేటి హైబ్రిడ్ల వంశవృక్షంలోనూ దాని నెత్తురుంది.

ఆ రోజుల్లో మొక్కజొన్న అందాల పోటీలు జరిగేవి. కండె నున్నగా, వరుసలు తిన్నగా ఉంటే పతకం. హెన్రీ వాలెస్ అనే అయోవా కుర్రాడికి ఇది నచ్చలేదు. చిన్నతనంలో అతన్ని మొక్కల వెంట తిప్పి చూపినవాడు జార్జ్ వాషింగ్టన్ కార్వర్. బానిసగా పుట్టి శాస్త్రవేత్తగా ఎదిగిన ఆయన అప్పట్లో ఏమ్స్‌లోని వ్యవసాయ కళాశాలలో ఉండేవాడు. వాలెస్ పదహారేళ్ల వయసులో పోటీ కండెల గింజలు తెచ్చి విడివిడిగా వేసి తూచి చూశాడు. అందానికీ దిగుబడికీ పొంతనే లేదని తేలింది. తర్వాత శుద్ధ వంశాలను కలిపి హైబ్రిడ్లు చేసే పనిలో పడి, 1926లో విత్తన కంపెనీ పెట్టాడు. అదే తర్వాత పయొనీర్ అయింది. ఆ పేరు తెలుగు మొక్కజొన్న రైతుకు కొత్త కాదు. వాలెస్ ఆపైన అమెరికా వ్యవసాయ మంత్రి అయ్యాడు, 1941లో ఉపాధ్యక్షుడయ్యాడు. 1934, 1936 కరవుల్లో పాత రకాలు మాడిపోతే హైబ్రిడ్లు నిలిచాయి. చూసిన రైతులు మళ్లీ వెనక్కి పోలేదు. 1930ల చివరికే అయోవాలో అత్యధిక పొలాలు హైబ్రిడ్‌వే. 1866 నుంచి ఏడు దశాబ్దాలు అమెరికా సగటు దిగుబడి ఎకరాకు ఆరేడు క్వింటాళ్ల దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడది 45 క్వింటాళ్లు. అయోవాలో మంచి ఏడాదైతే 50 దాటుతుంది.

మన దేశంలో 1957లో మొదలైన అఖిల భారత మొక్కజొన్న పరిశోధన ప్రాజెక్టు 1961లో తొలి హైబ్రిడ్లు విడుదల చేసింది. గంగా 1, రంజిత్ లాంటి పేర్ల మధ్య ఒకదాని పేరు దక్కన్.

హైబ్రిడ్ విత్తనం చేయాలంటే ఆడ వరుసల్లో మగ పూతను చేత్తో లాగేయాలి. కరీంనగర్, ఖమ్మం, పశ్చిమ గోదావరి రైతులు ఆడమగ మొక్కజొన్న అని పిలిచే సాగు ఇదే. అయోవాలో ఎన్నో తరాల పిల్లలకు బడి సెలవుల్లో దొరికిన మొదటి కూలిపని కూడా అదే. ఆ కూలి తప్పించుకోవాలని కంపెనీలు పుప్పొడి రాని టెక్సాస్ రకాన్ని ఆడ వంశాల్లోకి ఎక్కించాయి. 1970 నాటికి అమెరికా మొక్కజొన్నలో ఐదింట నాలుగు వంతులకు ఈ ఒక్క తల్లి లక్షణమే. ఆ లక్షణాన్ని పట్టే ఆకుమచ్చ తెగులు ఆ ఏడాది విరుచుకుపడి దేశపు పంటలో 15 శాతం మింగేసింది. కంపెనీలు మరుసటి ఏటి నుంచి మళ్లీ కూలీలను పొలాల్లోకి పిలిచాయి.

ఇంత మొక్కజొన్న ఎవరు తింటున్నారు? ఉడకబెట్టుకు తినే తీపి రకం అందులో చాలా చాలా కొద్ది. దాదాపు మూడింట ఒక వంతు పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు పోతుంది. 2005, 2007 ఇంధన చట్టాలు ఆ వాటాను పెంచాయి. మరో పెద్ద భాగం పశువులకు, కోళ్లకు, పందులకు. 32 లక్షల మనుషులున్న అయోవాలో పందులు 2 కోట్ల పైచిలుకు.

ఇక గొట్టాల మాట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నత్రజని ఎరువు చవకైంది. అయోవా రైతులు దాన్ని దండిగా వేస్తున్నారు, పందుల పేడ నీళ్లూ పొలాలకే పోస్తున్నారు. ప్రెయిరీ గడ్డి వేళ్లు ఏటా వసంతంలో మంచు కరిగిన నాటి నుంచి మట్టిలో పని చేస్తూనే ఉండేవి. మొక్కజొన్న, సోయా మాత్రం మే నుంచి అక్టోబర్ దాకానే పొలంలో ఉంటాయి. మిగతా కాలమంతా నేల బోడిగా ఉంటే, వసంత వానలకు మొక్క తాగని నత్రజని నైట్రేట్‌గా కరిగి టైల్స్‌లోకి దిగుతుంది. అక్కడి నుంచి రకూన్, డి మోయిన్ నదుల్లోకి, మిసిసిపీ గుండా మెక్సికో సింధుశాఖలోకి చేరుతుంది. ఏటా వేసవిలో అక్కడ వేల చదరపు మైళ్ల మేర నీటిలో ప్రాణవాయువు అడుగంటి చేపలు బతకలేని స్థితి వస్తోంది. అంత దూరం పోనక్కర్లేదు. ఆ రెండు నదుల నీళ్లే డి మోయిన్ జనం తాగాలి. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటిన నైట్రేట్ నత్రజని పసిపిల్లలకు ప్రమాదం. నగర నీటి సంస్థ దాన్ని తొలగించడానికే 1990ల మొదట్లో ప్రత్యేక కేంద్రం కట్టుకుంది. 2015లో ఎగువనున్న మూడు కౌంటీల డ్రైనేజీ సంఘాల మీద దావా వేసింది. 2017లో కోర్టు కొట్టేసింది.

ఎగువ రైతు చట్టం తప్పలేదు, అప్పుల మధ్య నాలుగు గింజలు ఎక్కువ పండించుకోవాలనే చూశాడు. పంటల మధ్య కాలంలో రై లాంటి పైరు వేసి నేలను కప్పడం, గొట్టాలు కలిసే చోట చిన్న చిత్తడి మడుగులు మళ్లీ కట్టడం లాంటి ఉపాయాలను అక్కడి విశ్వవిద్యాలయం పరీక్షించి పనిచేస్తాయని చూపింది. ఖర్చు ఎవరు పెట్టాలన్న దగ్గరే అంతా ఆగిపోతోంది. ఎరువు లాభం రైతుకు, ఇథనాల్ లాభం కంపెనీకి, శుద్ధి ఖర్చు కుళాయి తిప్పే ఇంటికి అన్న లెక్క న్యాయం కాదు.

2025 జూన్‌లో నదుల్లో నైట్రేట్ ఎంత పెరిగిందంటే, శుద్ధి కేంద్రం పూర్తిస్థాయిలో నడిచినా చాలక, డి మోయిన్ చుట్టుపక్కల 6 లక్షల మందికి నీళ్లిచ్చే సంస్థ ఇళ్ల ముందు పచ్చికకు నీళ్లు పెట్టడాన్ని నిషేధించింది. అదే ఏడాది శరదృతువులో అమెరికా తన చరిత్రలో ఎన్నడూ లేనంత మొక్కజొన్న కోసింది.