పిల్లల ముక్కులో దుర్మాంసం

పిల్లల ముక్కులో దుర్మాంసం అనేది నాసికా కుహరంలో గానీ, ముక్కు వెనుక భాగంలో గానీ పెరిగే, క్యాన్సరు కాని కండలకు వాడుకలో ఉన్న పేరు. దీనినే ముక్కులో కండ పెరగడం అని కూడా అంటారు. వైద్యశాస్త్రం ప్రకారం ఇది ఒకే వ్యాధి కాదు. ఒకే విధంగా కనిపించే పలు వేర్వేరు స్థితులకు ప్రజలు పెట్టిన ఉమ్మడి పేరు. చికిత్స స్థితిని బట్టి మారుతుంది కనుక ముందు సరియైన నిర్ధారణ జరగడం ముఖ్యం.

చరిత్ర

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో నాసారోగాల మధ్య నాసార్శస్సు పేర్కొనబడింది. 1868లో డెన్మార్కు వైద్యుడు విల్‌హెల్మ్ మేయర్ ముక్కు వెనుక పెరిగే అడినాయిడ్లను, వాటివలన పిల్లలకు కలిగే చెవుడును వివరించాడు. 1900లో అర్జెంటీనాలో గిల్లెర్మో సీబర్ రైనోస్పోరిడియోసిస్ అనే వ్యాధిని వర్ణించాడు. ఇది దక్షిణ భారతదేశం, శ్రీలంకలలో ఎక్కువగా కనిపిస్తుంది.

రకాలు

అడినాయిడ్ల వాపు: పిల్లలలో ముక్కు మూసుకుపోవడానికి ముఖ్య కారణాలలో ఇది ఒకటి. అడినాయిడ్లు అందరు పిల్లలలోను ఉండే రక్షణ కణజాలం. సుమారు 3 నుండి 7 ఏళ్ళ మధ్య పెద్దవిగా ఉండి, యుక్తవయసు నాటికి కుంచించుకుపోతాయి.

టర్బినేట్ల వాపు: ముక్కు పక్కగోడలకు సహజంగా ఉండే కండలు అలర్జీ వలన ఉబ్బుతాయి. చాలా సందర్భాలలో దుర్మాంసం అని పొరబడేది వీటినే. ఇవి ఎర్రగా ఉండి, తాకితే నొప్పి పుడుతుంది. పాలిప్ బూడిద రంగులో, ఒలిచిన ద్రాక్షపండు వలె నిగనిగలాడుతూ, తాకినా నొప్పి లేకుండా ఉంటుంది.

ఆంట్రోకోఆనల్ పాలిప్: చెంప ఎముకలోని సైనస్‌లో పుట్టి ముక్కు వెనుకకు పెరుగుతుంది. సాధారణంగా ఒక వైపే ఉంటుంది.

రెండు వైపులా పాలిప్‌లు: 10 ఏళ్ళ లోపు పిల్లలలో అరుదు. ఇవి కనబడితే సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నదేమోనని చెమట పరీక్ష చేయిస్తారు.

రైనోస్పోరిడియోసిస్: తెల్లని చుక్కలతో స్ట్రాబెర్రీ పండును పోలిన ఎర్రని కండ. తాకితే సులభంగా రక్తం కారుతుంది. చెరువులు, కుంటలలోని నిలువ నీటిలో స్నానం చేసేవారిలో ఎక్కువ. కారకజీవిని మొదట శిలీంధ్రంగా భావించినా, జన్యు పరిశోధనల తరువాత వేరే వర్గంలో చేర్చారు. ఇది మనిషి నుండి మనిషికి అంటదు.

యాంజియోఫైబ్రోమా: యుక్తవయసు మగపిల్లలలో వచ్చే రక్తనాళాల గడ్డ. క్యాన్సరు కాకపోయినా విపరీతమైన రక్తస్రావం కలిగిస్తుంది.

ఎన్‌సెఫలోసీల్: పుట్టుకతోనే పుర్రె అడుగున ఉన్న రంధ్రం గుండా మెదడు పొర, కొన్నిసార్లు మెదడు భాగం కూడా, ముక్కులోకి దిగడం. బిడ్డ ఏడ్చినపుడు ఇది ఉబ్బవచ్చు. చూడటానికి పాలిప్ వలెనే ఉంటుంది.

లక్షణాలు

నోటితో గాలి పీల్చడం, గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ముక్కుతో మాట్లాడినట్లుండటం, తరచు జలుబు చేయడం ప్రధాన లక్షణాలు. అడినాయిడ్ల వలన మధ్యచెవిలో ద్రవం చేరి వినికిడి తగ్గుతుంది. ఇటువంటి పిల్లలు బడిలో పాఠం వినబడక వెనుకబడితే, పెద్దలు దానిని అశ్రద్ధగా భావించే ప్రమాదం ఉంది. ఏళ్ళ తరబడి నోటితో గాలి పీల్చే పిల్లలకు పై పళ్ళు ముందుకు వచ్చి ముఖాకృతి మారవచ్చు.

ఒక్క ముక్కు నుండే దుర్వాసనతో చీము కారుతుంటే కండకన్నా ముందు చింతగింజ, శనగగింజ, పూస వంటివి ఇరుక్కున్నాయేమో చూడాలి. గుండ్రని చిన్న బ్యాటరీ అయితే కొన్ని గంటలలోనే ముక్కు లోపల కాలిపోతుంది కనుక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

రోగ నిర్ధారణ

వైద్యుడు దీపకాంతిలో ముక్కు లోపల పరిశీలించి, చల్లని లోహపు పలకను ముక్కు కింద ఉంచి ఏ వైపు ఆవిరి పట్టడం లేదో చూస్తాడు. సన్నని ఎండోస్కోపు ద్వారా వెనుక భాగం స్పష్టంగా కనబడుతుంది. ఆ సౌకర్యం లేనిచోట పక్కనుండి తీసిన ఎక్స్‌రే అడినాయిడ్ల పరిమాణాన్ని తెలుపుతుంది. శస్త్రచికిత్సకు ముందు సీటీ స్కాన్, మెదడుతో సంబంధం ఉందని అనుమానిస్తే ఎమ్మారై తీస్తారు. వినికిడి పరీక్ష కూడా అవసరం.

స్కాన్ చేయకుండా తొందరపడి ముక్క తీయడం ప్రమాదకరం. అది ఎన్‌సెఫలోసీల్ అయితే మెదడు చుట్టూ ఉండే ద్రవం కారి మెనింజైటిస్ రావచ్చు. యాంజియోఫైబ్రోమా అయితే రక్తస్రావం ఆగకపోవచ్చు.

చికిత్స

అలర్జీకి ఉప్పునీటి చుక్కలు, వైద్యుని సలహాపై స్టెరాయిడ్ స్ప్రే వాడతారు. ముక్కు దిబ్బడ తగ్గించే చుక్కల మందును వారానికి మించి వాడితే దిబ్బడ మరింత పెరుగుతుంది. అడినాయిడ్లు మందులకు తగ్గక నిద్రకు, వినికిడికి ఆటంకమైతే పూర్తి మత్తు ఇచ్చి తొలగిస్తారు. ఆంట్రోకోఆనల్ పాలిప్‌ను సైనస్‌లోని మొదలుతో సహా ఎండోస్కోపు ద్వారా తీయాలి, లేనిచో తిరిగి పెరుగుతుంది. రైనోస్పోరిడియోసిస్ కండను తీసి మొదలును విద్యుత్తుతో కాలుస్తారు. మళ్ళీ రాకుండా కొందరికి డాప్సోన్ ఇస్తారు. యాంజియోఫైబ్రోమాకు ముందుగా రక్తనాళాలను మూసివేసి, ఆపై శస్త్రచికిత్స చేస్తారు.

మొలలు, ముక్కులో దుర్మాంసం అని బోర్డు పెట్టి, అర్హత లేనివారు ఆమ్లం వంటి పదార్థాలు పూసి కండను రాల్చే పద్ధతి హానికరం. దానివలన లోపలి గోడకు రంధ్రం పడవచ్చు, ముక్కు అతుక్కుపోవచ్చు.

కడప జిల్లాలో

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్నా తీరంలోని పట్టణాలు. ఇటువంటి చోట్ల ముక్కు నుండి రక్తం కారే బిడ్డను చెరువులు, కుంటలలో ఈత కొట్టే అలవాటు ఉందా అని అడగడం నిర్ధారణకు తోడ్పడుతుంది. ప్రొద్దుటూరులో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి, జమ్మలమడుగు, పులివెందులలలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు స్థాపించిన కాంప్‌బెల్ ఆసుపత్రి ఈ ప్రాంతపు తొలి ఆధునిక వైద్యశాలలలో ఒకటి. పెద్ద పరీక్షలు, శస్త్రచికిత్సలు అవసరమైనవారిని 2006లో ప్రారంభమైన కడప రిమ్స్‌కు, లేదా కర్నూలు, తిరుపతి బోధనాసుపత్రులకు పంపవచ్చు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలు, ప్రభుత్వ బడులలో పిల్లలకు ఆరోగ్య పరీక్షలు జరుగుతాయి. వినికిడి లోపం కూడా ఆ జాబితాలో ఉంది. పేద కుటుంబాల శస్త్రచికిత్సల కొరకు 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలువబడుతున్నది.

ఇవి కూడా చూడండి

ముక్కు
టాన్సిల్స్
అలర్జీ
సైనసైటిస్