ఇంగ్లీషు పలుకుబళ్లు – వాటి వెనుక విజ్ఞాన చరిత్ర

'నీళ్లు నమలుచున్నాడు' అని ఎవరినైనా అన్నచో, అతడు జవాబు చెప్పుటకు తటపటాయించుచున్నాడని తెలుగువారికెల్ల తెలియును. 'నీళ్లు', 'నమలుట' అను మాటలకు నిఘంటువులో అర్థము చూచుకొన్న పరదేశికి మాత్రము ఈ సంగతి బోధపడదు. ఇంగ్లీషు పలుకుబళ్ల యెదుట మన విద్యార్థుల అవస్థయు ఇట్టిదే. విడివిడి మాటల అర్థములను కూడినంత మాత్రమున పలుకుబడి అర్థము రాదు. అర్థమును కంఠస్థము చేసినచో పరీక్షకు పనికివచ్చును గాని, దానిని ఎక్కడ వాడవలెనో, ఎక్కడ వాడరాదో తెలియదు. ఆ మాట వెనుక ఏ వృత్తి, ఏ పని ఉన్నదో తెలిసినచో ఈ చిక్కు చాలవరకు తీరును. విజ్ఞానశాస్త్రముతో సంబంధముగల మూడు పలుకుబళ్లను తీసికొని ఈ సంగతి పరిశీలింతము.

మొదటిది 'యాసిడ్ టెస్ట్'. దీనిని 'ఆమ్ల పరీక్ష' అని తెనిగించినచో అర్థము సగమే అందును. నత్రికామ్లము రాగిని, వెండిని కరగించును. బంగారమును మాత్రము ఏమియు చేయజాలదు. కావున నగను గీటురాయిపై గీసి, ఆ గీతపై ఆమ్లపు చుక్క వేసినచో, ఇత్తడి గీత కరగిపోవును, మేలిమి బంగారు గీత నిలుచును. చూపునకు ఒకే తీరున మెరయు రెండు లోహములలో అసలేదో, నకిలీ ఏదో ఈ పరీక్ష తేల్చివేయును. అందుచేతనే ఒకని నిజాయితీని గాని, ఒక సిద్ధాంతపు సత్యమును గాని సందేహమునకు తావులేకుండ తేల్చు సందర్భమును 'యాసిడ్ టెస్ట్' అందురు. కేవలము కఠినమైన పరీక్షను అట్లనరాదు. మనము 'గీటురాయి' అను మాటను వాడునదియు ఈ భావముతోనే. రెండు భాషలవారికిని పోలిక నిచ్చినవాడు బంగారము పరీక్షించు కంసాలియే.

రెండవది 'మ్యాడ్ యాజ్ ఎ హ్యాటర్', అనగా 'టోపీలు చేయువానివలె వెర్రివాడు' అని. ఫెల్ట్ టోపీలను కుందేలు మొదలగు జంతువుల బొచ్చుతో చేసెడివారు. బొచ్చు చక్కగా అతుకుకొనుటకు చర్మములకు పాదరస నైట్రేటు ద్రావణమును పూసెడివారు. తరువాత ఆ బొచ్చును వేడినీటిలోను, ఆవిరిలోను మెత్తుచుండగా పాదరసపు ఆవిరి లేచెడిది. గాలి సరిగా ఆడని గదులలో పనివారు దానినే పీల్చిరి. చేతులు వణకుట, మాట తడబడుట, కారణము లేని కోపము, మితిమీరిన బిడియము ఆ జబ్బు లక్షణములు. అమెరికాలో టోపీల పరిశ్రమకు పేరుపొందిన డాన్‌బరీ పట్టణములో దీనికి 'డాన్‌బరీ వణకు' అనియే పేరు వచ్చినది. 1865లో వెలువడిన లూయీ కారల్ 'ఆలిస్' కథ ఈ పాత్రను ప్రపంచమునకు పరిచయము చేసినది గాని, పలుకుబడి అంతకు ముందే కలదు. ఇది ఈ జబ్బునుండియే పుట్టినదా యను విషయమున పండితులు ఏకీభవింపరు. జబ్బు మాత్రము నిజము. 1860లోనే న్యూజెర్సీ వైద్యుడు అడిసన్ ఫ్రీమన్ దీనిని వర్ణించెను. అమెరికా టోపీ పరిశ్రమలో పాదరసము వాడుక ఆగినది 1941లో. ఈ నడుమ గడచినవి 81 సంవత్సరములు.

మూడవది 'కెనరీ ఇన్ ఎ కోల్ మైన్', అనగా 'బొగ్గుగనిలోని కెనరీ పిట్ట'. 1896లో దక్షిణ వేల్సులోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగెను. జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు పరిశోధించి, మృతులలో ఎక్కువమంది పేలుడు దెబ్బకు గాక, కార్బన్ మోనాక్సైడు వలన చనిపోయిరని తేల్చెను. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినుతో ఇది ఆక్సిజను కంటె 200 రెట్లకు పైగా గట్టిగా కలియును. చిన్న ప్రాణులకు శ్వాస వేగము ఎక్కువ గనుక విషము వాటికి త్వరగా తగులును. హాల్డేన్ సలహాపై గనివారు కెనరీలను వెంట గొనిపోయిరి. పిట్ట కొమ్మనుండి పడినచో, మనుష్యులు బయటపడుటకు ఇంకను కొంత వ్యవధి యుండును. బ్రిటిష్ గనులలో 1986లో వీటి స్థానమున ఎలక్ట్రానిక్ పరికరములను ప్రవేశపెట్టుటకు నిర్ణయించిరి. కాబట్టి ఈ పలుకుబడికి 'బలిపశువు' అని అర్థము చెప్పరాదు. 'ముందుగా కనబడు ప్రమాద సూచన' అని చెప్పవలెను. పిట్ట పీల్చిన గాలినే మనుష్యులును పీల్చుచున్నారనుట ఇందలి ముఖ్యాంశము.

చివరి రెండింటిని పక్కపక్కన ఉంచి చూడుడు. పిట్ట పడగానే గనివారు వెనుదిరిగిరి. టోపీ పనివారి చేతులు ఏండ్ల తరబడి వణకినను పని ఆగలేదు. లోకము వారి జబ్బును హాస్యముగ తీసికొన్నది. ఉపాధ్యాయులు పలుకుబళ్ల పట్టికను వల్లె వేయించుటకు మారుగా, ఒక్కొక్క దానికి 'ఇది ఎవరి పనికి సంబంధించినది? ఆ పనిలో ఏమి జరిగెడిది?' అని ప్రశ్నింపజేసిన మేలు. అప్పుడు విద్యార్థికి భాషయు పట్టుబడును, రసాయనశాస్త్రమును గుర్తుండును, ఆ మాట వెనుకనున్న మనుష్యులును కనబడుదురు.