అల్-జబ్ర్ మన ఇంటి ఇల్మే



"హిసాబ్ మన పిల్లల వల్ల కాదు భాయ్!" కొత్తూరు, షంషాబాద్ వైపు ఇళ్లల్లో టెన్త్ రిజల్ట్స్ రాగానే వినిపించే మాట ఇది. ఆడపిల్ల విషయంలోనైతే ఇంకా ముందే వినిపిస్తుంది. తారీఖ్ మాత్రం ఈ మాట ఒప్పుకోదు.

ఖలీఫా అల్-మామూన్ (813-833) జమానాలో, బగ్దాద్‌లో ముహమ్మద్ బిన్ మూసా అల్-ఖ్వారిజ్మీ ఒక కితాబ్ రాశారు. దాని పేరులోనే రెండు పద్ధతులున్నాయి. జబ్ర్ అంటే విరిగినదాన్ని అతకడం: సమీకరణంలో తీసివేతగా ఉన్నదాన్ని రెండు వైపులా కలిపి పూడ్చడం. ముఖాబలా అంటే రెండు వైపులా ఉన్న ఒకే రకం పదాలను ఎదురెదురు పెట్టి కొట్టేయడం. ఆ జబ్రే యూరప్ వెళ్లి ఆల్జీబ్రా అయింది. ఆ కితాబ్‌లో పెద్ద హిస్సా వసీయత్, విరాసత్ లెక్కలే. అంటే అది ఇంటి జరూరత్ కోసం రాసిన ఇల్మ్. హింద్ అంకెల మీద కూడా ఆయన మరో కితాబ్ రాశారు. ఇల్మ్‌కు సరహద్దులు లేవు.

మన దగ్గరికే వద్దాం. షంషాబాద్ పేరు పాయెగా నవాబుల ఖితాబు షంసుల్ ఉమ్రాను గుర్తుచేస్తుంది. ఆ ఖితాబున్న ఫఖ్రుద్దీన్ ఖాన్‌కు రియాజీ అంటే ప్రాణం. 19వ శతాబ్దం మొదటి సగంలోనే ఆయన సైన్స్ కితాబులను ఉర్దూలోకి తర్జుమా చేయించి అచ్చు వేయించారు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో రియాజీని ఉర్దూలోనే చెప్పారు.

ఇప్పుడు ఇంతెహాన్ సంగతి. తెలంగాణ ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలుంటే 80 మ్యాథ్స్‌వే. వర్గ సమాసాలు, సమీకరణ వాదం, ద్విపద సిద్ధాంతం ఇంటర్ రెండో ఏడాది 2ఏ పుస్తకంలోనివి. పిల్లలు ఫార్ములాను బట్టీ కొట్టి, పరీక్ష హాల్లో మర్చిపోతారు.

ఖ్వారిజ్మీ తరీఖా చూడండి. ఒక సంఖ్య వర్గానికి దాని పది రెట్లు కలిపితే 39. ఆ సంఖ్య భుజంగా ఒక చతురస్రం గీయండి. పదిని రెండు అయిదులుగా చేసి, రెండు పక్కల దీర్ఘచతురస్రాలు అతికించండి. మూల దగ్గర 25 లోటు కనబడుతుంది. అది పూడిస్తే 39, 25 కలిసి 64. భుజం 8, అందులో 5 తీస్తే జవాబ్ 3. బొమ్మలో పొడవు కాబట్టి ఆయన ధన విలువే తీసుకున్నారు. ఈఏపీసెట్ రాసే పిల్లలు మైనస్ 13ను కూడా మర్చిపోకూడదు.

ఈ బొమ్మ ఒక్కసారి తన చేత్తో గీసిన పిల్లకు వర్గ సమీకరణం ఫార్ములా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. రోజూ ఫజ్ర్ తర్వాత పది లెక్కలు, తప్పయినవి వేరే కాపీలో మళ్లీ చేయించండి. "హిసాబ్ నీ వల్ల కాదు" అనే మాట మాత్రం ఇంట్లో అనకండి. ఆ ఇల్మ్‌కు పేరు పెట్టింది మన బుజుర్గులే.