ఒంటి పిల్ల.. అరిష్టం కాదు!

పెంపుడు కుక్క ఒకటి రెండు పిల్లలనే పెడితే ఇంటికి కీడని భయపడేవారు, దిష్టి తగిలిందని నిమ్మకాయలు తిప్పి పడేసేవారు పల్లెల్లోనే కాదు, పట్టణాల్లోనూ కనిపిస్తారు. పిల్లల సంఖ్యకు, ఇంటి మంచిచెడ్డలకు ఎలాంటి సంబంధమూ లేదు. జాతి, వయసు, జతకట్టించిన సమయం, ఆరోగ్యం దీనికి ప్రధాన కారణాలు. శకునాల పేరిట చేసే ఆలస్యమే తల్లి కుక్క ప్రాణం మీదకు తెస్తుంది.

జాతిని బట్టి ఈత
చివావా, పొమెరేనియన్ వంటి చిన్న జాతులు సాధారణంగా ఒకటి నుంచి నాలుగు పిల్లలను పెడతాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతుల్లో ఆరు నుంచి ఎనిమిది వరకు ఉండటం మామూలే. బ్రిటన్‌లో 2004లో నియాపోలిటన్ మాస్టిఫ్ జాతి కుక్క ఒకే ఈతలో 24 పిల్లలను పెట్టి గిన్నిస్ రికార్డుకెక్కింది. తొలి ఈతలోనూ, ఐదారేళ్ల వయసు దాటాకా సంఖ్య తగ్గుతుంది.

సమయం తప్పితే..
కుక్కల్లో విడుదలైన అండం పక్వం కావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఎదకు వచ్చిన తొలినాళ్లలోనో, బాగా ఆలస్యంగానో ఒక్కసారి జతకట్టిస్తే కొన్ని అండాలే ఫలదీకరణ చెందవచ్చు. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటిని కలపడం, మగకుక్కలో వీర్యలోపం, పోషకాహార లేమి కూడా కారణాలే. చూలు తొలి నెలలో చనిపోయిన పిండాలు గర్భంలోనే ఇంకిపోతాయి. యజమానికి ఆ సంగతే తెలియదు. బ్రూసెల్లా కేనిస్ అనే బ్యాక్టీరియా వల్ల గర్భస్రావాలు జరుగుతాయి. ఇది మనుషులకూ సోకే ప్రమాదం ఉన్నందున పడిపోయిన పిండాలను వట్టి చేతులతో తాకరాదు.

మరో అపోహ
తొలిసారి నాటు కుక్కతో కలిస్తే తర్వాతి ఈతలన్నీ చెడిపోతాయన్న నమ్మకం 19వ శతాబ్దపు ఐరోపాలోనూ ఉండేది. స్కాట్లాండ్ జంతుశాస్త్రవేత్త జేమ్స్ కోసార్ ఎవర్ట్ 1890వ దశకంలో గుర్రాలు, జీబ్రాలపై ప్రయోగాలు చేయగా, ఇలాంటి నమ్మకానికి ఆధారం దొరకలేదు. అయితే ఒకే ఎదలో రెండు మగకుక్కలతో కలిస్తే, ఆ ఈతలోనే వేర్వేరు తండ్రుల పిల్లలు పుట్టవచ్చు.

అసలు ముప్పు ఇదీ
కుక్క చూలు కాలం సుమారు 63 రోజులు. గర్భంలో ఒక్క పిల్లే ఉంటే బాగా లావుగా ఎదుగుతుంది. ప్రసవం మొదలయ్యేందుకు పిల్ల నుంచి అందాల్సిన హార్మోన్ సంకేతం చాలకపోవచ్చు. నొప్పులు రాక గడువు దాటితే పిల్ల కడుపులోనే చనిపోతుంది, తల్లికీ ప్రాణాపాయం. ఇలాంటప్పుడు శస్త్రచికిత్సే మార్గం.

55వ రోజు దాటాక ఎక్స్‌రే తీయిస్తే పిల్లల సంఖ్య తెలుస్తుంది. అరగంట పాటు గట్టిగా ముక్కినా పిల్ల బయటకు రాకపోయినా, తొలి పిల్లకు ముందే ఆకుపచ్చని స్రావం కనిపించినా, జతకట్టించి 70 రోజులు దాటినా వెంటనే పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. దిష్టి తీయడం తర్వాతైనా చేయవచ్చు.