షేర్ (ఆంగ్ల పదం)

ఆంగ్లంలో వాటాకూ, పంచుకోవడానికీ వాడే పదం షేర్. ఇవాళ కలుపుగోలుతనానికి గుర్తుగా వినిపిస్తున్నా, దీని మొదటి అర్థం మాత్రం కోత. పాత ఆంగ్లంలో కోతకూ విభజనకూ వాడిన ఒక మాట నుంచి ఇది వచ్చింది. ఉన్ని కత్తిరించడాన్ని చెప్పే 'షియర్', నాగటి కర్రును చెప్పే 'ప్లౌషేర్' దీనికి దాయాదులు. షర్ట్, స్కర్ట్ కూడా దూరపు చుట్టాలే.

కోసిన దానిలో ఎవరి ముక్క వారి షేర్. క్రియగా ఈ పదం వాడుకలోకి వచ్చింది 16వ శతాబ్దం చివర్లో. ఈస్టిండియా కంపెనీ ఏర్పడిన 1600 ప్రాంతంలోనే ఉమ్మడి వ్యాపారపు మూలధనంలో భాగమనే అర్థమూ చేరింది.

అమెరికాలో ఈ పదానికి చేదు చరిత్ర ఉంది. 1865లో అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాల్లో 'షేర్‌క్రాపింగ్' పాతుకుపోయింది. పైకి మన పాలు సేద్యం లాంటిదే: భూమి ఆసామిది, కష్టం రైతుది, పంట చాలాచోట్ల చెరిసగం. కానీ విత్తనాలు, పనిముట్లు, తిండిగింజలు ఆసామి దగ్గరో ఊరి షావుకారు దగ్గరో అప్పుకు తెచ్చుకోవాలి. పత్తి అమ్మగానే ఆ అప్పూ వడ్డీ రైతు సగంలోంచే కోసేవారు. నల్లజాతి కుటుంబాలకూ, పేద శ్వేతజాతి కుటుంబాలకూ చాలాసార్లు మిగిలేది పాత బాకీయే. లెక్కలు రాసేది ఆసామి కనుక అడిగే దిక్కుండేది కాదు.

మనసులో మాట చెప్పుకోవడమనే అర్థం బలపడింది 20వ శతాబ్దంలో. ఫ్రాంక్ బుక్‌మన్ అనే అమెరికన్ మతబోధకుడు నడిపిన 'ఆక్స్‌ఫర్డ్ గ్రూప్' క్రైస్తవ ఉద్యమంలో, తమ తప్పులను తోటివారి ముందు ఒప్పుకోవడాన్ని షేరింగ్ అనేవారు. 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను ప్రారంభించిన ఇద్దరూ ఆ సమావేశాలకు వెళ్లినవారే. తాగుడు మానదలచినవారు తమ కథ చెప్పుకోవడాన్ని అక్కడ ఇప్పటికీ షేరింగ్ అనే అంటారు.

ఇక కంప్యూటర్ల రంగంలో, 1955లో ఐబీఎం 704 కంప్యూటర్లు వాడే సంస్థలు ప్రోగ్రాములు ఇచ్చిపుచ్చుకోవడానికి పెట్టుకున్న సంఘం పేరు కూడా 'షేర్'. తర్వాత ఒకే కంప్యూటర్‌ను పలువురు ఏకకాలంలో వాడుకునే టైమ్ షేరింగ్, ముందు వాడి చూసి నచ్చితే డబ్బు కట్టే షేర్‌వేర్ వచ్చాయి. సోషల్ మీడియా బటన్ సంగతి చెప్పనక్కర్లేదు.

తెలుగులో షేర్ మార్కెట్, షేర్ ఆటో అందరికీ తెలిసినవే. సినిమా వ్యాపారంలో మాత్రం దీనికి ప్రత్యేకార్థం ఉంది: టికెట్ల వసూళ్లు మొత్తం 'గ్రాస్', అందులో పన్నులూ థియేటర్ అద్దెలూ పోగా డిస్ట్రిబ్యూటర్‌కు మిగిలేది 'షేర్'. అభిమానులు పోస్టర్ల మీద గ్రాస్ చూసి మురిసిపోతారు. పెట్టుబడి తిరిగొచ్చిందా లేదా తేల్చేది షేరే.